కూలింది న్యూటన్ చెట్టు కాదు, దాని అంటు

వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే పోస్టు ఒకటుంది. మాటలు అటూ ఇటూ మారినా సారం ఇదే: "న్యూటన్ తల మీద యాపిల్ పడిన చెట్టు కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీ ముందు ఉండేది. యునెస్కో గుర్తించిన 350 ఏళ్ల ఆ వారసత్వ వృక్షం 2022 ఫిబ్రవరి తుఫానులో కూలిపోయింది. దాని గింజలు మొలిపించిన మొక్కలు ప్రపంచమంతటా ఉన్నాయి. ఒక్క గింజ దొరికితే మీ పెరట్లోనూ న్యూటన్ చెట్టే." దాని కింద కామెంట్లలో ఎవరో ఒకరు ఇంకో ముక్క తగిలిస్తారు: "అసలు చెట్టు 1820లోనే చచ్చింది. ఇప్పుడు చూపించేది టూరిస్టుల కోసం నాటిన నకిలీ."

ఈ మాటల్లో మూడు చెట్లు కలిసి ఒకటైపోయాయి. ఒకటి ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో, వూల్స్‌థార్ప్ మేనర్ అనే పల్లెటూరి ఇంటి తోటలో ఉన్న పాత చెట్టు. రెండోది ట్రినిటీ కాలేజీ పెద్ద గేటు పక్కన 1954లో నాటింది. మూడోది కేంబ్రిడ్జి యూనివర్సిటీ బొటానిక్ గార్డెన్‌లో, అదీ 1954లోనే నాటింది. ఈ మూడింటినీ విడదీసి చూస్తే పోస్టులో సగం తప్పులు వాటంతటవే బయటపడతాయి.

"యాపిల్ న్యూటన్ తల మీద పడింది"

తల మాట ఏ పాత కథనంలోనూ లేదు. 1726 ఏప్రిల్ 15న, అంటే చనిపోవడానికి ఏడాది కూడా లేని రోజుల్లో, న్యూటన్ లండన్ కెన్సింగ్టన్‌లోని తన ఇంట్లో మిత్రుడు విలియం స్టూక్లీతో కలిసి భోంచేశాడు. తర్వాత ఇద్దరూ తోటలోకి వెళ్లి యాపిల్ చెట్ల నీడలో కూర్చుని టీ తాగారు. గురుత్వాకర్షణ ఆలోచన మొదట వచ్చినప్పుడు కూడా తాను సరిగ్గా ఇలాగే కూర్చుని ఉన్నానని, ఒక యాపిల్ రాలడం చూసి అది పక్కకో పైకో పోకుండా ఎప్పుడూ నిటారుగా నేలకే ఎందుకు దిగుతుందని ఆలోచించానని న్యూటన్ చెప్పాడు. స్టూక్లీ 1752 నాటి తన రాతప్రతిలో దీన్ని రాసిపెట్టాడు. ఆ రాతప్రతి పేజీలను బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ 2010లో అందరూ చూసేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. న్యూటన్ మేనకోడలి భర్త జాన్ కాండ్యూట్ కూడా ఇదే సంగతి రాశాడు: 1666లో కేంబ్రిడ్జి నుంచి లింకన్‌షైర్‌లోని తల్లి దగ్గరికి వచ్చినప్పుడు, తోటలో ఆలోచిస్తూ ఉండగా, యాపిల్‌ను నేలకు దించే బలం చంద్రుడి దాకా ఎందుకు పోకూడదన్న ఊహ కలిగిందని. ఫ్రెంచి రచయిత వోల్టేర్ కూడా న్యూటన్ తోట కథను 1727లోనే అచ్చులోకి తెచ్చాడు. ముగ్గురూ రాశారు, దెబ్బ మాత్రం ఒక్కరూ రాయలేదు. కార్టూన్లకు దెబ్బ బాగుంటుంది కాబట్టి తర్వాతి కాలంలో వచ్చి చేరింది.

ఆ పూటే సిద్ధాంతం తేలిపోయిందన్న మాట కూడా ఇందులోనే కొట్టేయాలి. చంద్రుడు భూమి కేంద్రం నుంచి సుమారు 60 భూ వ్యాసార్ధాల దూరంలో ఉన్నాడు. దూరపు వర్గాన్ని బట్టి బలం తగ్గితే అక్కడ అది 3,600వ వంతు ఉండాలి. రాలిన యాపిల్ మొదటి సెకనులో 4.9 మీటర్లు దిగుతుంది. అదే లెక్కన చంద్రుడు సెకనుకు భూమి వైపు 1.4 మిల్లీమీటర్ల లోపే ఒంగాలి, ఒంగుతున్నాడు కూడా. లెక్క ఇంత చిన్నదిగా కనిపించినా, భూమి బరువంతా కేంద్రంలోనే ఉన్నట్టు తీసుకోవచ్చని రుజువు చేసి గురుత్వాకర్షణ సిద్ధాంతం చెప్పే తన పుస్తకం ప్రిన్సిపియాను అచ్చుకిచ్చేసరికి 1687 వచ్చింది. యాపిల్‌కూ పుస్తకానికీ మధ్య ఇరవై ఏళ్లు.

"చెట్టు ట్రినిటీ కాలేజీ ముందు ఉండేది"

1665లో ప్లేగు వచ్చి కేంబ్రిడ్జి మూతపడింది. 1666 వసంతంలో కొన్నాళ్లు తిరిగి వెళ్లడం మినహా, 1667 ఏప్రిల్ దాకా న్యూటన్ వూల్స్‌థార్ప్‌లోనే ఉన్నాడు. గ్రాంథమ్ పట్నానికి దక్షిణంగా, కోల్‌స్టర్‌వర్త్ పక్కనున్న చిన్న పల్లె అది. కేంబ్రిడ్జి నుంచి దారి వెంట సుమారు 100 కిలోమీటర్లు. అతను పుట్టిందీ ఆ ఇంట్లోనే.

ట్రినిటీ గేటు పక్కన ఉన్నది ఆ చెట్టు వంశపు అంటు. కాలేజీ ఫెలోగా న్యూటన్ ఉన్న గదులు ఆ వైపే. ఫోటో తీసుకునేవాళ్లు మోసపోయినట్టేమీ కాదు, కొమ్మ వరసలో అది నిజమైన చుట్టమే. కాకపోతే న్యూటన్ దాన్ని చూసే వీలు లేదు, దాని వయసు ఇంకా డెబ్బైల్లోనే ఉంది.

ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. స్టూక్లీ గానీ కాండ్యూట్ గానీ "ఫలానా చెట్టు" అని వేలు పెట్టి చూపలేదు. వూల్స్‌థార్ప్ ఇంటి ముందరి ఈ చెట్టే అదని చెప్పేది ఊళ్లో తరతరాలుగా నిలిచిన మాట. ఆ ఇల్లు 18వ శతాబ్దంలో టర్నర్ కుటుంబం చేతికి వచ్చింది. ఎడ్మండ్ టర్నర్ 1806లో గ్రాంథమ్ ప్రాంత చరిత్ర రాస్తూ, ఆ యాపిల్ చెట్టు ఇంకా ఉందనీ, వచ్చినవారికి చూపిస్తున్నారనీ పేర్కొన్నాడు. అంటే న్యూటన్ పోయిన 80 ఏళ్లకే ఆ చెట్టుకు గుర్తింపు స్థిరపడింది. కోర్టులో నిలిచే రుజువు కాకపోవచ్చు గానీ, గాలి కబురు కూడా కాదు.

"యునెస్కో వారసత్వ వృక్షం"

యునెస్కో ఒంటరి చెట్లకు జాబితా నడపదు. అది ప్రపంచ వారసత్వంగా గుర్తించేది స్థలాలను, కట్టడాలను, అడవులను. వూల్స్‌థార్ప్ చెట్టుకు దక్కిన గౌరవం వేరు: 2002లో ఎలిజబెత్ రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భంగా బ్రిటన్‌లోని ట్రీ కౌన్సిల్ ఎంపిక చేసిన 50 గొప్ప చెట్లలో ఇదొకటి. అది బిరుదు, కవచం కాదు. తోటనూ ఇంటినీ రోజూ చూసుకునేది వారసత్వ స్థలాలను కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్, 1940ల నుంచి. చెట్టు చుట్టూ కనిపించే తక్కువ ఎత్తు దడి అందానికి కట్టింది కాదు. ఏటా వేలమంది ఒకే చెట్టు మొదట్లో నిలబడితే మట్టి గట్టిపడి, అందులోని గాలి ఖాళీలు మూసుకుపోతాయి. యాపిల్‌కు నీరు, పోషకాలు పీల్చే సన్నని వేళ్లు ఎక్కువగా పై 30, 40 సెంటీమీటర్లలోనే ఉంటాయి కాబట్టి ముందు దెబ్బ తినేది అవే. ముసలి చెట్టుకు ఎరువు కన్నా దడి ఎక్కువ మేలు చేస్తుంది.

"2022 తుఫానులో కూలిపోయింది"

కూలింది. కానీ కూలిన చెట్టు వేరు. 2022 ఫిబ్రవరి 18న యూనిస్ తుఫాను గాలికి పడిపోయింది బొటానిక్ గార్డెన్‌లోని అంటు. దాని వయసు 350 కాదు, 68 ఏళ్లు. ఇక్కడ గాలి ఒక సాకు మాత్రమే, అంతకు ముందే హనీ ఫంగస్ దాన్ని లోపల తినేసింది. ఈ శిలీంధ్రం మట్టిలో నల్లటి బూట్ల లేసుల్లాంటి తీగలతో పాకి వేళ్లను పట్టుకుంటుంది. మొదలు దగ్గర బెరడు లేపి చూస్తే పుట్టగొడుగు వాసన కొట్టే తెల్లటి పొర కనిపిస్తుంది. పైన ఆకులు ఒకటి రెండేళ్లు బాగానే ఉండవచ్చు, కింద మాత్రం చెట్టును నేలకు పట్టి ఉంచే వేళ్లు కుళ్లిపోతాయి. దీనికి మందు లేదు. పడిన చెట్టు మొద్దును, వేళ్లను వీలైనంత తవ్వి తీసేయాలి, అదే గుంతలో మళ్లీ యాపిల్ నాటకూడదు. తోటవాళ్లకు ఇది తెలుసు కాబట్టే చెట్టు బతికుండగానే అంటు మొక్కలు సిద్ధం చేసుకున్నారు. "న్యూటన్ చెట్టు కూలింది" అని పత్రికలు పెట్టిన శీర్షికలను మాత్రమే చదివినవారికి ఈ వివరం అందలేదు.

"అసలు చెట్టు 1820లోనే చచ్చింది"

అన్నిటికన్నా ఆలోచించాల్సిన ఆరోపణ ఇది, ఎందుకంటే సగం నిజం. 1820 ప్రాంతంలో గాలివానకు వూల్స్‌థార్ప్ చెట్టు పడిపోయింది. పడిన చెట్టును బొమ్మలు గీశారు, విరిగిన కలపతో కుర్చీ చేశారు, పుల్లలు కోసుకుపోయారు. కానీ మొదలు మొత్తం పెకిలిపోలేదు. ఒక భాగం వేళ్లతో నేలలోనే ఉండిపోయి మళ్లీ చిగిర్చింది. ఇప్పుడు వంకర తిరిగి, నేలను ఆనుకుని లేచినట్టు కనిపించే మాను అదే.

ఇది వింతేమీ కాదు. గాలివానకు ఒరిగిన చింత, మామిడి మళ్లీ చిగిర్చడం మన ఊళ్లలోనూ చూస్తాం. గాలి కొట్టిన వైపు వేళ్లు తెగుతాయి, ఒరిగిన వైపు వేళ్లు వంగి మట్టిలోనే మిగులుతాయి. బెరడు కింద కొత్త కణాలు పుట్టించే పలుచని కేంబియం పొరా, దాన్ని ఆనుకుని నీరు మోసే కలపా ఆ వేళ్ల నుంచి మాను దాకా తెగకుండా ఉంటే చాలు, నీరు అందుతూనే ఉంటుంది. కొమ్మ చివరి మొగ్గల పెత్తనం పోవడంతో మాను పైవైపున ఏళ్ల తరబడి నిద్రపోతున్న మొగ్గలు మేల్కొని నిలువు కొమ్మలుగా లేస్తాయి. వాటిలో బలమైనవి కొత్త మాను అవుతాయి. వయసు మళ్లిన చెట్లు బతికే దారుల్లో ఇదొకటి, కొత్త చెట్టు పుట్టడం కాదు.

మరి ఆ చిగురు అంటు గీతకు (పై పుల్ల, కింది మొక్క అతికిన చోటుకు) కింద, వేరు మొక్క (పుల్లను మోసే కింది మొక్క) నుంచి వచ్చి ఉంటే? అప్పుడది నిజంగానే వేరే చెట్టు అయ్యేది. సరైన అనుమానమే, జవాబూ ఉంది. గ్రాంథమ్ దగ్గరి బెల్టన్ ఎస్టేటుకు, బ్రౌన్‌లో ప్రభువు తోటకు, ఈ చెట్టు కొమ్మల నుంచి తీసిన పుల్లలు వెళ్లాయి. అంటే అవి చెట్టు పైభాగానివి. ఆ వరస నుంచి వచ్చిన చెట్లు కాసేది, వూల్స్‌థార్ప్‌లో తిరిగి లేచిన మాను కాసేది ఒకే రకం: ఫ్లవర్ ఆఫ్ కెంట్. వేరు మొక్క చిగురైతే ఆ అరుదైన రకం కాయదు. పైభాగమూ కింది చిగురూ ఒకటే మొక్క.

వయసు సంగతిలో మాత్రం పోస్టులు తెగించి చెప్పే అంకెలు నమ్మొద్దు. నడిబొడ్డు కుళ్లి డొల్లయిన యాపిల్ మానులో వలయాలు లెక్కపెడితే "కనీసం ఇంత" అనే తేలుతుంది, "సరిగ్గా ఇంత" అని తేలదు. 1666లో కాయలు కాసిన చెట్టు కాబట్టి 350 దాటిందన్నది చాలు.

"గింజల నుంచి మొలిపించారు"

పోస్టులో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే, తోట పని తెలిసినవారిని చిరాకు పెట్టేదీ ఇదే. బంగినపల్లి టెంక పాతి బంగినపల్లి కాయలు ఆశించేవాళ్లు మన దగ్గర ఎవరూ లేరు. యాపిల్‌ది అంతకన్నా ఘోరం. చాలా యాపిల్ రకాలు తమ పుప్పొడిని తామే ఒప్పుకోవు, పక్క రకం పుప్పొడి కావాలి. కాబట్టి గింజకు తండ్రి వేరే రకం. ఒకే కాయలోని గింజలు నాటినా ఏ రెండు మొక్కలూ ఒకేలా ఉండవు. ఫ్లవర్ ఆఫ్ కెంట్ గింజ ఫ్లవర్ ఆఫ్ కెంట్ కాదు.

ప్రపంచంలో న్యూటన్ చెట్లుగా నాటినవాటిలో ఎక్కువ భాగం వచ్చిన దారి ఇది: వూల్స్‌థార్ప్ నుంచి బెల్టన్‌కు, బెల్టన్ నుంచి 1930ల్లో కెంట్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధనా కేంద్రానికి, అక్కడి నుంచి దేశదేశాలకు. అన్నీ పుల్లలుగా, అంటు మొక్కలుగా.

అంటు కట్టే పద్ధతి చూస్తే గింజ మాట ఎందుకు అసంబద్ధమో తెలుస్తుంది. నడి శీతాకాలంలో, చెట్టు పూర్తి నిద్రలో ఉన్నప్పుడు, పోయిన సీజన్‌లో పెరిగిన పెన్సిల్ లావు కొమ్మలు 20 నుంచి 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తారు. తడి గుడ్డలో చుట్టి, సంచిలో కట్టి, 1 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. అదే ఫ్రిజ్‌లో పండ్లు పెట్టకూడదు, వాటి నుంచి వచ్చే ఎథిలిన్ వాయువు మొగ్గలను దెబ్బ తీస్తుంది. మార్చిలో వేరు మొక్కలో రసం కదలడం మొదలయ్యాక అంటు కడతారు. వేరు మొక్కకూ పుల్లకూ 3, 4 సెంటీమీటర్ల ఏటవాలు కోత పెట్టి, రెండింటిలోనూ నాలుకలా ఒక చీలిక చేసి ఒకదానిలో ఒకటి దూరుస్తారు. పుల్ల మీద మూడు నాలుగు మొగ్గలు చాలు. లావులు సరిపోకపోతే నడిమికి పెట్టకూడదు, ఒక పక్కకు జరిపి కనీసం ఆ వైపైనా కేంబియం కేంబియానికి తగిలేలా చూడాలి. అతకని అంటుల్లో చాలావాటికి కారణం ఇదే పొరపాటు, తర్వాతది మొద్దుబారిన కత్తి. టేపు బిగించి, పుల్ల కొనకు మైనం పూస్తారు. రెండు నెలలు దాటాక టేపు కోసేయాలి, మరిస్తే లావెక్కే మానును అదే ఉరేస్తుంది.

చెట్టు ఎంత ఎత్తు పెరగాలో నిర్ణయించేది వేరు మొక్క. ఎం9 అనే వేరు మొక్క రకం మీద కడితే 2, 3 మీటర్లు, ఎంఎం106 మీద 4 మీటర్ల దాకా, ఎం25 మీద అంతకన్నా పెద్ద చెట్టు. ఈ పేర్లలోని మొదటి ఎం మాలింగ్‌దే. నాటేటప్పుడు అంటు గీత నేలకు 10, 15 సెంటీమీటర్ల పైన ఉండాలి. మట్టిలో పూడిస్తే పై పుల్ల సొంతంగా వేళ్లు వేస్తుంది, వేరు మొక్క అదుపు పోతుంది. కింద నుంచి లేచే పిలకలను ఏటా పీకేయాలి. వదిలేస్తే అవి పైభాగాన్ని మించిపోతాయి. కొన్నేళ్లకు న్యూటన్ పుల్ల ఎండిపోయి, "న్యూటన్ చెట్టు" అన్న బోర్డు కింద ఎం25 పచ్చగా నిలబడి ఉంటుంది. బోర్డు చూసి ఫోటో తీసుకునే ముందు ఆ చెట్టు ఏ కాయ కాస్తుందో అడగడం మంచిది. ఫ్లవర్ ఆఫ్ కెంట్ కాయ పెద్దది, కాస్త వంకరటింకర, ఆకుపచ్చ మీద ఎర్రటి చారలు. పిండిలా ఉండి వంటకే బాగుంటుంది.

గింజల కథకు మూలం కూడా ఊహించవచ్చు. 2015 డిసెంబరులో బ్రిటిష్ వ్యోమగామి టిమ్ పీక్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పుడు వూల్స్‌థార్ప్ చెట్టు కాయల గింజలు కూడా వెళ్లాయి. 2016లో తిరిగొచ్చాక వాటిని మొలిపించి మొక్కలు పెంచారు. అవి న్యూటన్ చెట్టు పిల్లలు, న్యూటన్ చెట్టు కావు. అంతకు ముందు 2010 మేలో రాయల్ సొసైటీ దగ్గరున్న ఆ చెట్టు కలప ముక్క ఒకటి అట్లాంటిస్ షటిల్‌లో అంతరిక్షానికి వెళ్లొచ్చింది. వినడానికి పుకారులా ఉంటుంది గానీ, అది నిజం.

"మీ పెరట్లోనూ పెంచుకోవచ్చు"

గింజతో కాదని చెప్పాం. అసలైన అంటు చేతికొచ్చినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో దాన్ని కాయించడం కుదరదు. ఫ్లవర్ ఆఫ్ కెంట్ లాంటి చలి దేశపు రకాలకు 7 డిగ్రీల లోపు చలి ఒక శీతాకాలంలో సుమారు 1,000 గంటలు కావాలి. ఆ లెక్క నిండితే గానీ మొగ్గ నిద్ర వదలదు. చలి చాలకపోతే చెట్టు వెంటనే చావదు, అందుకే జనం మోసపోతారు. కొన కొమ్మలకే ఆకులు వచ్చి మధ్యంతా బోడిగా ఉంటుంది. పూలు ఒక్కసారి రాకుండా నెలల తరబడి ఒకటీ అరా పూస్తాయి, పరపరాగానికి జోడీ దొరకదు, నిలిచిన కాయ చిన్నగా ఉండి రాలిపోతుంది. ఇలా నాలుగైదు ఏళ్లు ఈడ్చి, వేసవి ఎండకు బెరడు కాలి, పగుళ్లలో తొలుచు పురుగు చేరి పోతుంది.

బ్రిటన్ నుంచి వచ్చే చుట్టాల సూట్‌కేసులో పుల్లలు తెప్పించే ఆలోచన ఉన్నవారికి: మొక్కల దిగుమతిపై 2003 నాటి క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు దిగుమతి అనుమతి, పంపే దేశపు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (మొక్కకు తెగుళ్లు లేవన్న ధ్రువపత్రం), ఇక్కడికి వచ్చాక నిఘాలో పెంచే గడువు, మూడూ తప్పనిసరి. యాపిల్ పుల్లలో వైరస్ ఉంటే కంటికి కనిపించదు, అంటుతో పాటే వస్తుంది.

యాపిల్ చెట్టు కావాలన్న కోరికే ఉంటే దారి ఉంది, అది న్యూటన్ దారి కాదు. తక్కువ చలితో కాసే రకాలున్నాయి. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా నుంచి వచ్చిన హెచ్‌ఆర్‌ఎంఎన్-99 ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలం ధనోరలో కాపుకొచ్చింది. అన్నా, డోర్సెట్ గోల్డెన్ రకాలకు 300 గంటల లోపు చలి చాలు. వీటిని ఒక్కో మొక్కగా కాకుండా రెండింటినీ 15 మీటర్ల లోపు జోడీగా నాటాలి, ఒకదాని పుప్పొడి రెండోదానికి కావాలి. చలి పెట్టే ఏజెన్సీ ఎత్తుల్లో కాస్త ఆశ ఎక్కువ, మైదానంలో తక్కువ. డిసెంబరు చివర్లో ఆకులు చేత్తో దూసేసి, రెండు మూడు వారాలు నీళ్లు తగ్గిస్తే మొగ్గలు కొంత ఏకంగా విచ్చుకుంటాయి.